పాస్‌పోర్టుకు అభిషేకం

బస్సు దిగి రోడ్డు దాటబోతూ జయశీల తలెత్తి చూస్తే ఎదురుగా తన మొహమే ఉంది. చర్చి మలుపులో రెండు సరుగుడు బొంగుల మధ్య కట్టిన ఫ్లెక్సీ మీద మనిషెత్తు మొహం. పాస్‌పోర్టు కోసం ఊపిరి బిగబట్టి దిగిన ఫోటోను లాగి లాగి పెద్దది చేసి, తల వెనకాల విమానం, విమానం వెనకాల మబ్బులు, మబ్బుల్లోంచి వెలుగు పెట్టారు. కింద ఎర్ర అక్షరాలు: "ఆరేళ్ళు పోలీసుల కళ్ళకు కనబడకుండా దాచిన దేవుడు! కువైట్ సహోదరి జయశీల గారి అద్భుత సాక్ష్యం. కృతజ్ఞతా కూడిక. భోజన వసతి కలదు." ఓ మూలన చర్చి పాస్టరు సమాధానం అయ్యగారు మైకు పట్టుకుని వేలు పైకెత్తి నిలబడి ఉన్నాడు. మూలన అన్నమాటే గానీ ఆయన మొహం జయశీల మొహంకన్నా ఒక జానెడు పెద్దదే.

పొద్దుటినుంచి షెడ్డులో రొయ్యల తలకాయలు గిల్లి గిల్లి చేతులు నీచు కొడుతున్నాయి. ఆ కంపుకు ఏనాడూ రాని వాంతి ఈ ఫ్లెక్సీని చూస్తే వచ్చేటట్టుంది. పక్కన సోడాబండి దగ్గర నిలబడిన ఇద్దరు ఆడవాళ్ళు ఫ్లెక్సీని ఒకసారి, ఆమెను ఒకసారి చూసి నవ్వారు. జయశీల కొంగు తల మీదికి లాక్కుని గబగబా నడిచింది. సొంత ఊళ్ళో మొహం దాచుకుని నడవాల్సి వచ్చినందుకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

ఊరికి తెలిసిన కథ ఒకటి, జరిగింది ఒకటి. జరిగింది చెప్పుకుంటే పెద్దగా ఏమీ లేదు. ఇంటిపని వీసా మీద కువైట్ పోయింది. దిగిన ఇంట్లోవాళ్ళు పాస్‌పోర్టును బీరువాలో, ఈమెను వంటింట్లో పెట్టి తాళం వేశారు. చెయ్యి చేసుకునేవాళ్ళు. ఒకనాడు చెత్తసంచీ పారేసి రమ్మంటే, సంచీతోపాటే నడుచుకుంటూ పోయింది, మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ముత్తుకూరు నుంచి వచ్చి అక్కడ వంటపని చేసుకునే ఫేబీ అనే ఆమె తన గదిలో ఇంత చోటిచ్చింది. వీసా గడువు దాటిపోయింది. ఆ తరవాత ఆరేళ్ళు కాగితం ముక్క లేకుండా బతికింది. కింద పోలీసు బండి మోగితే బాత్రూములో లైటు తీసేసి కూర్చునేది. పన్ను సలిపి చెంప ఉబ్బితే ఆస్పత్రికి పోయే దారి లేదు, ఫేబీయే దారం కట్టి పీకింది. ఇక్కడ తల్లి పోతే ఫోనులో మట్టి వెయ్యడం చూసింది. చివర్లో మంచం పట్టిన ఒక ముసలామెకు సేవ చేసే పని దొరికింది. ఆ దేశంలో ఇంటి యజమానురాలిని మామా అని పిలవాలి. ఈ మామా మంచిది, తన పళ్ళెంలోది తీసి పెట్టేది. అంతలో అక్కడి సర్కారు క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాలు లేనివాళ్ళు జరిమానా లేకుండా పోవచ్చు, సరైన వీసా వస్తే మళ్ళీ రావచ్చు అంది. జయశీల పది వేళ్ళూ ముద్రలు వేసి, ఔట్‌పాస్ అనే తెల్ల కాగితం పట్టుకుని వచ్చేసింది. "పోయి రా, వీసా పంపిస్తాం" అని మామా కూతురు అంది. అన్న మాట నిలబెట్టుకుంది కూడా.

దేవుడు దాచలేదని జయశీల అనదు. ఆమె నమ్మిన మనిషే, భోజనం ముందు కళ్ళు మూసుకోకుండా ముద్ద ఎత్తదు. కానీ గది అద్దె కట్టింది ఫేబీ. తలుపు తట్టినప్పుడు అడ్డం నిలబడి "ఎవరూ లేరు" అని చెప్పింది ఫేబీ.

ఇప్పుడు ఆమెకు కావాల్సింది ఒకటే. ఆరేళ్ళు ఆ దేశంలో ఉండి అక్కడి చర్చిలో ఒక్కసారి అడుగు పెట్టలేదు. అక్కడ సెలవు రోజైన శుక్రవారం, ఊరి మధ్యలో ఉన్న ఆ చర్చి ఆవరణంతా మనవాళ్ళే ఉంటారట, తెలుగులో పాటలట. గేటు బయట పోలీసులు కార్డులు చూస్తారని భయంతో ఫేబీని పంపించి, తను గదిలో కిటికీ మూసుకుని కూర్చునేది. ఈసారి బతాకా, అంటే ఆ దేశపు గుర్తింపు కార్డు, మెడలో వేసుకుని, పట్టపగలు, ఆ గేటులోంచి లోపలికి నడవాలి. పోలీసు చెయ్యి చాపితే కార్డు తీసి చూపించాలి. ఈ కోరిక ఆమె ఎవరికీ చెప్పలేదు, చెబితే దాన్నీ ఫ్లెక్సీ మీద వేస్తారని.

ఇంటి ముందు సుశీల్ కుమార్ ఆటో కడుగుతున్నాడు. పెళ్ళాన్ని చూడగానే మొహం ఇంత చేసుకున్నాడు.

"చూసినావా? కావలిలో కొట్టించినాం. కలర్ బాగా వచ్చింది గదా!"

"తీసెయ్యమను దాన్ని."

"ఏమ్మే, ఏమైంది?"

"దొంగ మాదిరి దాక్కుని బతికినానని రోడ్డు మీద బోర్డు పెడతారా? నేను మళ్ళా పొయ్యేది ఆ దేశానికే గదయ్యా. ఆడ మనోళ్ళు ఎంతమంది ఉండారు! ఎవురో ఒకరు ఫోన్లో చూడరా? కాగితాల్లేని మనిషిని ఇంట్లో పెట్టుకున్నందుకు ఫేబీని గూడా లోపలేస్తారు."

"ఫేబీ పేరు ఎయ్యలేదులే దాంట్లో."

"ఫ్లెక్సీలో ఎయ్యకపోతే మైకులో చెప్తాడు మీ అయ్యగారు."

"సాక్ష్యం దాచిపెట్టగూడదు జయా, పాపం" అన్నాడు సుశీల్, అది తన మాటే అయినట్టు.

సుశీల్ చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. కాకపోతే సంఘపెద్ద కావాలన్న పిచ్చి ఒకటుంది. ఇన్నాళ్ళూ చర్చిలో చాపలు పరిచాడు, స్పీకర్లు మోశాడు. పెళ్ళాం కువైట్ నుంచి వచ్చి సాక్ష్యం చెప్పాక ముందు వరసలో కుర్చీ వేశారు. కుర్చీ రుచి మరిగినవాడు మళ్ళీ చాప మీద కూర్చోలేడు కదా.

ఆ సాక్ష్యం సంగతి కూడా చెప్పుకోవాలి. వచ్చిన కొత్తల్లో జయశీల చర్చిలో లేచి, "ప్రభువు క్షేమంగా తీసుకొచ్చినాడు, అందరికీ వందనాలు" అని కూర్చుంది. అయ్యగారికి అది సరిపోలేదు. ఇంటికొచ్చి, టీ తాగుతూ, పోలీసులు ఎలా పట్టుకోలేదో చెప్పమన్నాడు. ఒకసారి బస్సులో తనిఖీ జరిగిందనీ, ముందు సీట్లవాళ్ళ కార్డులు చూసి తన దాకా వచ్చేలోపల ఆ పోలీసుకు ఫోనొచ్చి దిగిపోయాడనీ చెప్పింది. తరవాతి ఆదివారానికి అయ్యగారి ప్రసంగంలో ఆ పోలీసుకు కళ్ళు కనిపించకుండా పోయాయి. నెల తిరిగేసరికి జయశీల సీటు పక్కన తెల్లబట్టల దూత నిలబడ్డాడు. బోగోలులో జరిగిన సభల నాటికి ఆ పోలీసు బస్సులోనే మోకాళ్ళ మీద పడి ఏడ్చాడు. అప్పుడు మాత్రం ఆమె ఉండబట్టలేక, "ఫోనొస్తే దిగిపోయినాడు అయ్యగారూ, అంతే" అంది, మైకు దగ్గరే.

"ఆ ఫోను చేసిందెవరమ్మా?" అన్నాడు అయ్యగారు.

సభంతా ఒకటే చప్పట్లు. ఆనాటి నుంచి ఆమె నోరు మూసుకుంది. ఏ ఊరి పాస్టరు వచ్చినా, ఎవరింట్లో కూడిక జరిగినా జయశీల లేచి నిలబడాలి, అయ్యగారు ఆమె బతుకును ఆమెకే చెప్పాలి. బాత్రూములో చీకట్లో గోడకు ఆనుకుని వణికిన వణుకును ఇంతమంది బిర్యానీ తింటూ వినడం చూస్తే ఆమెకు రోత పుట్టేది.

కానీ ఈసారి తప్పించుకునే వీలు లేకపోయింది. వంటవాళ్ళకు చెప్పేశారు, షామియానా వచ్చేసింది. "రెండు ముక్కలు మాట్లాడతా, ఫేబీ ఊసు వస్తే మాత్రం లేచి పోతా" అని మొగుడితో తెగేసి చెప్పింది.

"సరే. పాస్‌పోర్టు అన్నా బల్ల మీద పెట్టు" అన్నాడు సుశీల్.

ఆ చర్చిలో అదొక ఆనవాయితీ. ఏ పని మొదలుపెట్టినా దానికి సంబంధించిన వస్తువు తెచ్చి ప్రసంగపు బల్ల మీద పెడతారు. పరీక్షలకు పోయే పిల్లలు హాల్ టికెట్లు పెడతారు, బండి కొన్నవాళ్ళు తాళాలు, రొయ్యల గుంట వేసేవాళ్ళు గుప్పెడు మేత. అయ్యగారు చెయ్యి ఆనించి ప్రార్థన చేసి, వేలితో నూనె చుక్క రాస్తాడు. తాళానికి నూనె రాస్తే తాళానికే మంచిది. మేతకు రాసినా రొయ్యలేమీ అనుకోవు.

పెట్టనని ఆమె అనాల్సింది, అనలేకపోయింది. పెట్టకుండా పోయి అక్కడ ఏదైనా తేడా వస్తే? అందరి మాటా అటుంచి, తన మనసే తనను నిలదీస్తుంది. అంత దూరం పోయే మనిషికి ఒక ప్రార్థన ఆసరా కావాలని ఆమెకూ ఉంది. అందుకే ఆదివారం ఆరాధన అయ్యాక తనే పాస్‌పోర్టు తీసి కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. ఔట్‌పాస్ మీద వచ్చాక తీసుకున్న కొత్త పాస్‌పోర్టు అది. లోపల నాలుగో పేజీలో కువైట్ వీసా అంటించి ఉంది.

షామియానా నిండా జనం. పక్క ఊళ్ళవాళ్ళూ వచ్చారు. స్టాండుకు బిగించిన ఫోనులో లైవ్ పోతోంది. జయశీల చెబుతానన్న రెండు ముక్కలూ చెప్పి మైకు ఇచ్చేసింది. అయ్యగారు అందుకున్నాడు. దూత వచ్చాడు, పోలీసు ఏడ్చాడు, ఆ పైన ఎప్పుడూ లేని కొత్త సంగతి, పోలీసు రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నాడు కూడా. బాప్తిస్మం ఎక్కడ ఇచ్చారో, ఎవరిచ్చారో ఎవరూ అడగలేదు. జయశీల నేల చూస్తూ పళ్ళు నూరుకుంది. ఆ దేశంలో ఒక పోలీసు మతం మారాడని అంటే ఎంత ప్రమాదమో ఈయనకు తెలుసా? తెలిసినా ఈయనకేం పోయింది?

తరవాత ప్రార్థన. "ఈ ప్రయాణం మీద అభిషేకం దిగివచ్చును గాక!" అంటూ అయ్యగారు నూనె సీసా ఎత్తాడు. గంధం వాసన వచ్చే ఆలివ్ నూనె. మామూలుగా అయితే వేలు ముంచేవాడు. ఈరోజు లైవ్ ఉంది. ఆయన పాస్‌పోర్టు తెరిచి, సరిగ్గా వీసా ఉన్న పేజీ తీసి, అరచేతిలో ఇంత నూనె పోసుకుని ఆ పేజీ మీద బోర్లించి రుద్దాడు.

"అయ్యగారూ, వద్దు!" అని అరిచింది జయశీల.

ఆ అరుపు స్తోత్రాల్లో కలిసిపోయింది. పక్కనున్న ఆడవాళ్ళు ఆమెకు ఆత్మావేశం వచ్చిందనుకుని భుజాలు పట్టుకున్నారు. వాళ్ళను విదిలించుకుని పోయి ఆయన చేతికింద నుంచి పాస్‌పోర్టు లాక్కుంది. పేజీ అంచులనుంచి నూనె కారుతోంది. అయ్యగారు కళ్ళు తెరిచి, ఆమెను చూసి, మైకు దగ్గరికి జరిగి, "చూశారా, ఎంత ఆత్రంగా ఆశీర్వాదాన్ని అందుకుందో నా బిడ్డ!" అన్నాడు. జనం మళ్ళీ చప్పట్లు కొట్టారు.

ఇంటికి పరుగెత్తి, మెత్తటి గుడ్డతో అద్ది, పేజీల మధ్య కాగితాలు పెట్టి ఫ్యాను కింద ఉంచింది. వీసా కాగితం మీద అక్షరాలు కనబడుతున్నాయి, చుట్టూ పేజీ మాత్రం ఇటునుంచి అటు కనబడేంత పలచగా అయింది. ఆరితే సరిపోతుందేమోనని ధైర్యం కూడదీసుకుంది. అంతలో, వచ్చినవాళ్ళకు వడ్డించేవాళ్ళు లేరని కబురొచ్చింది. తన పేరు మీద పెట్టిన భోజనం, పోక తప్పలేదు.

తిరిగొచ్చేసరికి ఇంట్లో కాలిన వాసన. సుశీల్ నేల మీద కూర్చుని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టుకుని ఉన్నాడు. పౌడరు డబ్బా మూత తీసి ఉంది.

"నూనె మరక పోవాలని..." అన్నాడు.

చొక్కా మీద నూనె పడితే ఏం చేస్తామో అదే చేశాడు. పౌడరు చల్లాడు, పైన దినపత్రిక పరిచాడు, వేడి ఇస్త్రీ పెట్టె పెట్టి నొక్కాడు. వీసా కాగితం ఒక మూల లేచి ముడుచుకుంది. దాని మీద దినపత్రికలోని శ్రద్ధాంజలి ప్రకటన అక్షరాలు తిరగబడి మసగ్గా అచ్చుపడ్డాయి. ఎవరో పోయినాయన మీసం కూడా కొద్దిగా కనబడుతోంది.

జయశీల కేకలు పెట్టలేదు. తిట్టాలంటే ఎవరిని ముందు తిట్టాలో తెలియలేదు. గోడకు చేరగిలబడి కూర్చుంది. సుశీల్ జిగురు తెచ్చి ఆ మూల అంటించబోతే, "దాని మీద చెయ్యేసినావంటే నరుకుతా" అంది. అతను జిగురు సీసా మూత పెట్టేశాడు.

అయినా ప్రయాణం మానలేదు. టిక్కెట్టు ఉంది, వీసా అసలుదే, ఎవరి పేరూ మార్చలేదు. నిజం చెబితే వింటారని ఆశ. చెన్నై విమానాశ్రయంలో మొగుణ్ణి బయటే నిలబెట్టి లోపలికి పోయింది. కౌంటరులో కూర్చున్న కుర్రాడు పాస్‌పోర్టు తెరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని, మళ్ళీ దించాడు.

"ఇంతకు ముందు కువైట్ పోయినారా?"

"పోయినా సార్."

"ఎట్లా వచ్చినారు?"

"ఔట్‌పాస్ మీద సార్. క్షమాభిక్షలో."

అతను వీసా లేచిన మూలను గోటితో కదిపాడు. అది ఇంకాస్త లేచింది. "ఇది ఎవరు ఊడదీసినారు?"

"ఎవురూ ఊడదియ్యలేదు సార్. నూనె పడింది."

"ఏం నూనె?"

కువైట్‌లో ఆరేళ్ళు నోటికొచ్చిన అబద్ధమల్లా అవలీలగా చెప్పింది. ఇంకో ఇంట్లో పని అనేది, కార్డు గదిలో మరిచిపోయాననేది. ఇక్కడ నిజం చెప్పడానికి నోరు రాలేదు. "ప్రార్థన నూనె" అంది చివరికి. అతను పక్క కౌంటరు అతన్ని పిలిచి చూపించాడు. ఇద్దరూ ఆమె వైపు చూశారు. వాళ్ళు నవ్వినా బాగుండేది, నవ్వలేదు.

పై అధికారి పెద్దాయన, మర్యాద తెలిసిన మనిషి. కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించాడు. "అమ్మా, మీరు చెప్పేది నిజమే అయ్యుండొచ్చు. కానీ చూడండి, ముందు అక్కడ కాగితాల్లేకుండా ఉన్నారు. ఇప్పుడు ఊడదీసి అంటించినట్టుండే వీసాతో దిగితే వాళ్ళు ఏమనుకుంటారు? వేరే మనిషైతే ఏమో గానీ, మీ వేలిముద్ర పెట్టగానే పాతదంతా బయటపడుతుంది. వెనక్కి పంపించేస్తారు. అప్పుడు జన్మలో మళ్ళీ పోలేరు. కొత్త పాస్‌పోర్టు తీసుకుని, వీసా మళ్ళీ వేయించుకుని రండి" అన్నాడు.

ఆయన మాటలో తప్పు లేదు. అదే ఆమెను ఎక్కువ ఏడిపించింది. దొంగతనంగా బతికినన్నాళ్ళూ ఎవరూ ఆపలేదు. చక్కటి కాగితాలతో, సొంత పేరుతో, తలెత్తుకుని పోదామనుకున్న రోజున నూనె కంపు కొడుతూ బయటికి వచ్చింది. ఒంటికి, చేతిసంచీకి, చీరకు, అన్నిటికీ ఆ గంధం వాసన పట్టుకున్నట్టే అనిపించి, దారిలో బస్సు ఆగిన చోట చేతులు మూడుసార్లు సబ్బుపెట్టి కడుక్కుంది.

ఫేబీ ఫోన్ చేసింది. "ఏందక్కా ఇట్లా అయింది! మామా కూతురు వేరే మనిషిని చూస్తా ఉంది. ముసలామె లేవలేదు గదా, ఎవురో ఒకరు ఉండాల గదా. కానీ ఆమె మాత్రం జయా యాడ, జయా యాడ అని అడగతానే ఉంది. తొందరగా ఏదో ఒకటి చెయ్యక్కా" అంది. జయశీల సరే అని పెట్టేసింది.

రెండో రోజు అయ్యగారు ఇంటికొచ్చాడు. బాధపడ్డాడేమో, తప్పయిందని అంటాడేమోనని ఆమె నిజంగానే అనుకుంది, కుర్చీ వేసి టీ కూడా పెట్టింది. ఆయన ఒక గుక్క తాగి, "ప్రభువే ఆపాడమ్మా" అన్నాడు.

"ఆపింది మీ నూనె అయ్యగారూ."

"నూనె కాదమ్మా, ఇస్త్రీ పెట్టె" అన్నాడాయన, సుశీల్ వైపు చూసి. సుశీల్ తల దించుకున్నాడు. "అదీ ఆయన చిత్తమే అనుకో. ఆ విమానంలో ఏ ప్రమాదం పొంచి ఉందో."

"ఆ విమానం చక్కగా దిగింది. కనుక్కున్నా."

"దిగాక ఏం జరగబోయిందో నీకేం తెలుసు? అందుకే ఈ ఆదివారం నువ్వు సాక్ష్యం చెప్పాలి. ప్రయాణంలో కాపాడిన దేవుణ్ణి అందరూ స్తుతిస్తారు, ప్రయాణమే ఆపిన దేవుణ్ణి గురించి జనం విని చాలా కాలమైంది. ఆ నూనె ఉత్త నూనె కాదని అందరికీ తెలియాలి." ఆయన టీ మిగల్చకుండా తాగాడు. లేస్తూ, "సుశీలూ, నిన్ను సంఘపెద్దగా ప్రకటించేది కూడా ఆరోజే" అన్నాడు.

ఆయన తాగిన గ్లాసును జయశీల రెండుసార్లు తోమి కడిగింది. ఇన్నేళ్ళలో అరబ్బు ఇళ్ళల్లో ఎన్ని ఎంగిలి గ్లాసులు కడిగిందో. ఏ గ్లాసూ ఇంత అసహ్యం అనిపించలేదు.

ఆదివారం పోకూడదనే అనుకుంది. కానీ పోకపోతే ఆయనే ఆమె తరఫున చెప్పేస్తాడు, ఇంకో దూతను దించుతాడు. పోయి తలుపు పక్కన కూర్చుంది. సుశీల్ పేరు చదివారు, అతను కొత్త తెల్లచొక్కాలో లేచి దండం పెట్టాడు. పెద్దల కుర్చీలో కూర్చున్నాడు.

"ఇంకొక శుభవార్త" అన్నాడు అయ్యగారు. ఆయన కూతురు షారన్‌కు దుబాయి ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. ఈ వారమే ప్రయాణం. స్తోత్రం స్తోత్రం అన్నారు అందరూ. ఆనవాయితీ ప్రకారం అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, కూతురి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టింది. అది మందంగా ఉన్న ప్లాస్టిక్ కవరులో ఉంది. కవరుకు జిప్పు ఉంది, జిప్పు వేసి ఉంది.

అయ్యగారు జిప్పు తియ్యలేదు. కళ్ళు మూసుకుని గొంతెత్తి చాలాసేపు ప్రార్థన చేశాడు. వేలు కొసను నూనెలో అద్ది కవరు మీద తాకీ తాకనట్టు తాకించాడు. ఆమెన్ అన్నాడు. జేబురుమాలు తీసి ఆ చుక్కను శుభ్రంగా తుడిచి, కవరు అమ్మగారి చేతికిచ్చాడు. ఆమె దాన్ని సంచీలో పెట్టుకుంది.

సభలో ఉన్నవాళ్ళందరికీ కళ్ళున్నాయి. అందరూ చూశారు, అందరూ ఆమెన్ అన్నారు. జయశీలకు మొదట నవ్వు వచ్చింది, ఆ వెంటనే గొంతుదాకా రోత వచ్చింది. ఈయనకు తెలియక చెయ్యలేదు. నూనె పడితే కాగితం పాడవుతుందని ఈయనకు మొదటినుంచీ తెలుసు.

"ఇప్పుడు మన సహోదరి జయశీల" అన్నాడు అయ్యగారు. మైకు చేతులు మారి ఆమె దగ్గరికొచ్చింది. ఆమె లేచి నిలబడింది.

"అయ్యగారూ, ఒక్కటే అడగతా. నా పాస్‌పోర్టు కవర్లో పెట్టమని ఎందుకు చెప్పలేదు?"

అమ్మగారు సంచీని ఒళ్ళోకి లాక్కుంది. షారన్ తండ్రి మొహంలోకి చూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అది... పిల్లది కొత్త పాస్‌పోర్టమ్మా."

"నాదీ కొత్తదే" అంది జయశీల.

అయ్యగారు పాటవాళ్ళకు సైగ చేశాడు. తబలా మొదలైంది, ఆ వెనకే తాళాలు. ఎవరో పక్కనుంచి మైకు తీసుకున్నారు. పెద్దల కుర్చీలోంచి సుశీల్ కూర్చోమని కళ్ళతో బతిమాలుతున్నాడు. ఆమె చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

మలుపు దాటకముందే సుశీల్ వెనకనుంచి పరుగెత్తుకుంటూ వచ్చాడు, తెల్లచొక్కా అప్పుడే చెమటతో తడిసింది. కోప్పడతాడనుకుంది. అతని మొహంలో కోపం లేదు, ఫోను చాచాడు.

"ఏం కాలేదులే, ఎవురికీ అర్థం గాలేదు. చూడు, అందరూ మెచ్చుకుంటా ఉండారు."

లైవ్ ఇంకా పోతోంది. ఆమె అడిగిన మాట కిందనే కామెంట్లు వరసగా పడుతున్నాయి. ఆమెన్. స్తోత్రం. సహోదరి సాక్ష్యం అద్భుతం. ఆమెన్. నా కుమారుని వీసా కొరకు ప్రార్థించండి అయ్యగారూ. ఆమెన్.

జయశీల ఆ ఫోనును అతని చేతిలోనే బోర్లా తిప్పింది.

"రేపు నెల్లూరు పోయి కొత్త పాస్‌పోర్టుకు పెడతా. మామా కూతురికి నేనే ఫోన్ చేసి బతిమాలుకుంటా. పాస్‌పోర్టు వచ్చినాక దాని మీద ఎవురి చెయ్యీ పడగూడదు, నీది గూడా. ప్రార్థన చెయ్యాలనిపిస్తే దూరంగా కూర్చోని చేసుకో. దేవుడికి బాగానే వినబడద్ది."

చర్చిలోంచి ఎవరో "పెద్దయ్యా, కానుకల పళ్ళెం పట్టాల, రా" అని పిలిచారు. అతను ఆమెనూ చర్చినీ మార్చి మార్చి చూసి, "వచ్చేస్తా, ఈడనే ఉండు" అని వెనక్కి పరుగెత్తాడు. జయశీల ఉండలేదు.